స్తంభన లోపం: దాచుకోవలసిన రహస్యం కాదు, చికిత్స గల వ్యాధి

2008వ సంవత్సరం జనవరి మొదలు మే నెలాఖరు వరకు సింగపూరులోని ఐదు ప్రభుత్వ ఆసుపత్రులకు ఒక విచిత్రమైన స్థితిలో రోగులు రాసాగారు. వారికి మధుమేహం లేదు. ఇన్సులిన్ వాడిన దాఖలా లేదు. అయినా రక్తంలోని చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోయి, చాలామంది స్పృహ కోల్పోయిన దశలో ఆసుపత్రికి చేరారు. ఐదు నెలలలోపుగా ఇటువంటి వారు సుమారు 150 మంది లెక్కకు వచ్చారు. వారిలో దాదాపు అందరూ పురుషులే. చక్కెర అందక మెదడు దెబ్బతిని ఏడుగురు దీర్ఘకాలం స్పృహలోకి రాలేదు; వారిలో నలుగురు మరణించారు.

రక్త, మూత్ర పరీక్షలలో 127 మంది శరీరంలో గ్లైబెన్‌క్లమైడ్ అనే మందు కనిపించింది. అది మధుమేహులకు చక్కెర తగ్గించడానికి ఇచ్చే మాత్ర. మధుమేహం లేనివారి ఒంట్లోకి అది ఎలా చేరిందని వెదకగా, పురుషత్వాన్ని పెంచుతాయని చెప్పి చాటుమాటుగా అమ్ముతున్న మాత్రలు, గొట్టాలు బయటపడ్డాయి. ‘పవర్ 1 వాల్‌నట్’ వంటి మూలికా మందులుగా ప్రచారమైనవి, ‘సియాలిస్’ పేరు ముద్రించుకున్న నకిలీ మాత్రలు వాటిలో ఉన్నాయి. వాటిలో స్తంభన కలిగించే సిల్డెనాఫిల్‌తో పాటు గ్లైబెన్‌క్లమైడ్ కూడా పెద్ద మోతాదులో కలిసి ఉన్నది. వైద్యులు మధుమేహులకు ఆ మందును రోజుకు 2.5 లేదా 5 మిల్లీగ్రాములతో ఆరంభించి, 20 మిల్లీగ్రాములు దాటనివ్వరు. పట్టుబడిన మందులలో కొన్నింటిలో ఒక్కొక్క మాత్రలోనే 100 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉన్నది.

ఈ దుర్ఘటనలో విషం ఎంత పని చేసిందో సిగ్గు కూడా అంత పని చేసింది. స్పృహ ఉన్నవారిలో సైతం తాము ఏమి మింగామో ఒప్పుకున్నవారు కొందరే. కుటుంబసభ్యులకు ఆ సంగతే తెలియదు. ‘వైద్యుని వద్ద, వకీలు వద్ద దాపరికం పనికిరాదు’ అని మన పెద్దలు ఊరక అనలేదు. వైద్యునితో నాలుగు మాటలు చెప్పుకోలేక చీకటి సందులో మందు కొనుక్కున్న వారు ఆ మౌనానికి చెల్లించిన మూల్యం ఇది. నిజానికి ఈ వ్యాధికి నేడు శాస్త్రీయమైన చికిత్సలు అనేకం ఉన్నాయి. వాటిని తెలుసుకొన్నవారు వీధి మందుల వైపు చూడవలసిన అవసరం లేదు.

వ్యాధి అంటే ఏమిటి?

సంభోగానికి చాలినంత అంగస్తంభన కలుగకపోవడం, లేదా కలిగినది నిలువకపోవడం తరచుగా జరుగుతూ, కొన్ని నెలలపాటు కొనసాగితే దానిని స్తంభన లోపం అంటారు. అలసట వల్లనో, ఆందోళన వల్లనో ఏదో ఒకనాడు విఫలం కావడం వ్యాధి కాదు. పూర్వం దీనికి వాడిన ‘నపుంసకత్వం’ అనే మాటలో నింద ఉన్నది, స్పష్టత లేదు. సంతానం కలుగకపోవడం వేరు, కోరిక లేకపోవడం వేరు, శీఘ్రస్ఖలనం వేరు, స్తంభన లోపం వేరు. అన్నింటినీ ఒక్క మాటలో కట్టివేయడం వలన రోగికి అవమానమే తప్ప వైద్యునికి ఉపయోగం లేదు. అందువలననే 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ సమావేశపరచిన నిపుణులు పాత మాటను విడిచి, స్తంభన లోపం అన్న పేరునే వాడవలసిందిగా సూచించారు.

ఇది అరుదైన వ్యాధి కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుండి 70 సంవత్సరాల వయసు గల పురుషులపై జరిగిన అధ్యయనం 1994లో వెలువడింది. వారిలో 52 శాతం మందికి కొద్దిగానో, మధ్యస్థంగానో, పూర్తిగానో ఈ లోపం ఉన్నట్లు అందులో తేలింది. అనగా నడివయసు దాటిన ఇద్దరిలో ఒకరికి ఎంతో కొంత ఉన్నదన్న మాట. తానొక్కడే దురదృష్టవంతుడనని ప్రతివాడూ అనుకోవడానికి కారణం ఎవరూ పైకి చెప్పకపోవడమే.

శరీరంలో జరిగేది

అంగంలో స్పంజి వంటి కణజాలంతో నిండిన రెండు స్తంభాకారపు కోశాలు ఉంటాయి. మామూలు సమయంలో వాటిలోని నునుపు కండరాలు బిగిసి ఉండి, రక్తాన్ని కొద్దిగానే రానిస్తాయి. మనసులో కోరిక గాని, స్పర్శ గాని కలిగినపుడు నాడుల చివరల నుండి, రక్తనాళాల లోపలి పొర నుండి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. అది కండర కణాలలో సైక్లిక్ జి.ఎం.పి. అనే పదార్థాన్ని పెంచుతుంది. దానితో కండరాలు సడలి, ధమనులు విచ్చుకొని, రక్తం వేగంగా లోపలికి ప్రవేశిస్తుంది. నిండిన కోశాలు తమ చుట్టూ ఉన్న సిరలను నొక్కివేయడం వలన వచ్చిన రక్తం వెనుకకు పోలేదు. పొలంలోకి నీరు వదిలి, బయటికి పోయే తూము మూసినట్లే ఇది కూడా. పని ముగిసిన తరువాత ఫాస్ఫోడైఎస్టరేజ్-5 అనే ఎంజైము సైక్లిక్ జి.ఎం.పి.ని విచ్ఛిన్నం చేస్తుంది. కండరాలు మళ్ళీ బిగిసి పూర్వస్థితి వస్తుంది.

రక్తనాళాలలో నైట్రిక్ ఆక్సైడ్ నిర్వహించే పాత్రను కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

మనసు, నాడులు, రక్తనాళాలు, హార్మోనులు ఈ నాలుగూ సక్రమంగా ఉంటేనే స్తంభన సాధ్యం. ఏ ఒక్కటి తప్పినా లోపం ఏర్పడుతుంది.

కారణాలు

నడివయసు దాటినవారిలో ప్రధాన కారణం రక్తనాళాల వ్యాధి. మధుమేహం, అధిక రక్తపోటు, కొలెస్టరాల్, పొగత్రాగడం, స్థూలకాయం ధమనులను ఇరుకుచేస్తాయి. మధుమేహం నాడులను కూడా దెబ్బతీస్తుంది గనుక ఇందులో దాని పాత్ర రెట్టింపు. సింగపూరులో చైనీయుల కంటె భారత సంతతివారిలో మధుమేహం ఎక్కువ అని ఆ దేశపు ఆరోగ్య సర్వేలు పలుమార్లు చూపాయి. 2016లో సింగపూరు ఆరోగ్య మంత్రిత్వశాఖ మధుమేహంపై యుద్ధమే ప్రకటించింది. కాబట్టి అక్కడి తెలుగువారికి ఈ విషయం దూరపు ముచ్చట కాదు.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటున్నది. అంగానికి రక్తం తెచ్చే ధమనులు గుండెకు రక్తం అందించే ధమనుల కంటె సన్ననివి. రక్తనాళాలన్నింటిలో ఒకే తీరుగా పాచి పట్టినపుడు సన్నని గొట్టం ముందుగా మూసుకుపోవడం సహజం. అందుచేత గుండెనొప్పి పైకి తేలడానికి రెండు మూడేళ్ళు ముందుగానే కొందరిలో స్తంభన లోపం కనిపిస్తుంది. దానిని దాచిపెట్టినవాడు గుండె పంపిన తొలి హెచ్చరికను చించి పారవేసినట్లే. నలభై ఏళ్ళవాడు ఈ సమస్యతో వస్తే వివేకవంతుడైన వైద్యుడు ముందుగా అతని రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ చూస్తాడు.

కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. రక్తపోటుకు వాడే బీటా నిరోధకాలు, మూత్రం ఎక్కువగా పోయించే మందులలో కొన్ని, మానసిక కుంగుబాటుకు ఇచ్చే మాత్రలు ఈ కోవలోనివి. అట్లని వాటిని స్వయంగా మానివేయడం ప్రమాదకరం. వైద్యునితో చెప్పినచో బదులు మందు ఇవ్వగలడు. ప్రోస్టేట్ గ్రంథికి, కటి ప్రాంతానికి జరిగిన శస్త్రచికిత్సలు, వెన్నుపాము గాయాలు, అతిగా మద్యం సేవించడం, టెస్టోస్టిరాన్ హార్మోను తగ్గడం మరికొన్ని కారణాలు.

యువకులలో మనసు పాత్ర అధికం. కొత్తగా పెళ్ళయినవాని జంకు, ఉద్యోగ భయం, అప్పుల బాధ, భార్యాభర్తల మధ్య పొరపొచ్చాలు, ఏడాదికి ఒకసారి సెలవుపై ఇంటికి పోయి ఆ కొద్ది రోజులలోనే ‘నిరూపించుకోవాలి’ అన్న ఆతురత, ఇవన్నీ స్తంభనను అడ్డుకోగలవు. ఒకసారి విఫలమైనవాడు రెండవసారి భయంతోనే ఆరంభిస్తాడు; భయం వలన విడుదలయ్యే అడ్రినలిన్ కండరాలను బిగించివేస్తుంది; వైఫల్యం పునరావృతమవుతుంది. వేకువజామున నిద్రలో స్తంభన మామూలుగానే కలుగుతుంటే శరీర యంత్రాంగం బాగున్నదనీ, చిక్కు మనసులోనిదనీ చాలావరకు భావించవచ్చు.

వైద్యుని వద్ద జరిగేది

చాలామంది భయపడుతున్నంత కష్టమైన పరీక్షలేమీ ఉండవు. సమస్య ఎప్పుడు, ఎట్లా మొదలైందో, ఇతర వ్యాధులేమిటో, వాడుతున్న మందులేమిటో వైద్యుడు అడుగుతాడు. 1997 నుండి వాడుకలో ఉన్న ఒక ప్రశ్నావళి ద్వారా లోపపు తీవ్రతను అంకెలలో అంచనా వేస్తారు. రక్తపోటు, నాడి, జననాంగాల పరీక్ష, రక్తంలో చక్కెర, కొవ్వుల పరీక్ష తప్పనిసరి. అవసరమైతే ఉదయం వేళ టెస్టోస్టిరాన్ కొలుస్తారు. తక్కువగా కనిపిస్తే మరొక రోజున మళ్ళీ కొలిచి నిర్ధారిస్తారు. రక్తప్రవాహాన్ని శబ్దతరంగాలతో చూసే పరీక్ష కొద్దిమందికే కావలసి వస్తుంది. సింగపూరులో మొదట కుటుంబ వైద్యుని గాని, పాలీక్లినిక్‌ను గాని సంప్రదించవచ్చు. చిక్కు కేసులను వారే మూత్రాంగ నిపుణుని వద్దకు పంపుతారు.

మొదటి మెట్టు: జీవన విధానం

2004లో ఇటలీ వైద్యులు ప్రకటించిన పరిశీలన ఒకటి పేర్కొనదగినది. స్థూలకాయులై, స్తంభన లోపం కలిగిన 110 మంది పురుషులను వారు రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఆహార నియమం, వ్యాయామం గురించి రెండేళ్ళపాటు శ్రద్ధగా శిక్షణ ఇచ్చారు. ఆ వర్గంలో సుమారు మూడవ వంతు మందికి ఏ మందూ లేకుండానే స్తంభన శక్తి తిరిగి వచ్చింది. పొగ మానడం, నడక, బరువు తగ్గించడం, చక్కెరను అదుపులో ఉంచడం అన్న సలహాలు పాతవే అయినా వాటిని తోసిపుచ్చరాదనడానికి ఇది సాక్ష్యం.

రెండవ మెట్టు: నోటి మాత్రలు

ఇంగ్లండులోని శాండ్‌విచ్ పట్టణంలో ఫైజర్ కంపెనీ శాస్త్రజ్ఞులు గుండెనొప్పి కోసం సిల్డెనాఫిల్ అనే మందును రూపొందించారు. గుండెకు అది ఆశించినంత మేలు చేయలేదు గాని, పరీక్షలలో పాల్గొన్న పురుషులు వేరొక ఫలితాన్ని చెప్పారు. ఆ దారిలో సాగిన పరిశోధనల ఫలితంగా 1998 మార్చి 27న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని ‘వయాగ్రా’ పేరుతో అనుమతించింది. 2003లో వార్డెనాఫిల్, టడలాఫిల్, 2012లో అవనాఫిల్ అక్కడ అనుమతి పొందాయి.

ఇవన్నీ ఫాస్ఫోడైఎస్టరేజ్-5 ఎంజైమును అడ్డగించి, సైక్లిక్ జి.ఎం.పి. త్వరగా నశించకుండా కాపాడుతాయి. కోరిక లేనిదే నైట్రిక్ ఆక్సైడ్ వెలువడదు గనుక, మాత్ర మింగి ఊరక కూర్చుంటే ఫలితం ఉండదు. కోరికను పుట్టించడం మాత్ర వలన కాదు. సిల్డెనాఫిల్‌ను సుమారు గంట ముందుగా వేసుకోవాలి; కొవ్వు పదార్థాలతో నిండిన భోజనం తరువాత అది ఆలస్యంగా పనిచేస్తుంది. దాని ప్రభావం నాలుగైదు గంటలు. టడలాఫిల్ ప్రభావం 36 గంటల వరకు ఉండవచ్చు. దానిని కొద్ది మోతాదులో ప్రతిదినం వాడే పద్ధతి కూడా ఉన్నది. ఒకసారి వేసుకొని ఫలితం లేదని వదిలివేయడం సరికాదు. సరైన మోతాదుతో, సరైన పద్ధతిలో అనేకసార్లు ప్రయత్నించిన తరువాతనే విఫలమైనట్లు భావించాలి.

తలనొప్పి, ముఖం ఎర్రబడడం, ముక్కు దిబ్బడ, అజీర్తి సాధారణంగా కనిపించే దుష్ఫలితాలు. ఇవి ప్రాయికంగా స్వల్పమైనవే. కాని ఒక్క నిషేధాన్ని మాత్రం మరువరాదు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు, నాలుక క్రింద పెట్టుకునే మాత్ర గాని, నోటిలోకి చల్లుకునేది గాని, చర్మంపై అంటించుకునేది గాని, ఈ మాత్రలను ఏ పరిస్థితిలోను ముట్టరాదు. రెండూ కలిసినపుడు రక్తపోటు హఠాత్తుగా పడిపోయి మరణం సంభవించవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటలలోపు, టడలాఫిల్ వేసుకున్న 48 గంటలలోపు ఛాతీనొప్పి వస్తే అత్యవసర వైద్యునికి ఆ సంగతి ముందుగా చెప్పి తీరాలి. ప్రోస్టేట్ వాపుకు ఆల్ఫా నిరోధకాలు వాడేవారికి మోతాదు విషయంలో జాగ్రత్త కావాలి. చూపు గాని, వినికిడి గాని అకస్మాత్తుగా తగ్గితే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మూడవ మెట్టు: సూదిమందు, శూన్యయంత్రం

మాత్రలు పనిచేయనివారికి, నిషిద్ధమైనవారికి ఇతర మార్గాలున్నాయి. 1982లో ఫ్రాన్సుకు చెందిన విరాగ్ పపావరిన్ అనే మందును అంగంలోకి సూదితో ఎక్కిస్తే స్తంభన కలుగుతుందని ప్రకటించాడు. 1983లో ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు గైల్స్ బ్రిండ్లీ అమెరికాలోని లాస్‌వేగాస్‌లో మూత్రాంగ వైద్యుల సభకు ముందు తనకు తానే సూదిమందు వేసుకొని వచ్చి, ఫలితాన్ని సభికుల ఎదుటనే చూపి వారిని నిర్ఘాంతపరచాడు.

ఈ శాస్త్రానికి సింగపూరు కూడా తన వంతు అందించింది. పి. గణేశన్ అడైకన్ అనే ఔషధశాస్త్రజ్ఞుడు 1970ల చివర, 1980ల ఆరంభంలో సింగపూరు విశ్వవిద్యాలయంలో మానవ అంగ కణజాలంపై వివిధ రసాయనాల ప్రభావాన్ని పరిశోధించాడు. నునుపు కండరాలను ఏవి బిగిస్తాయో, ఏవి సడలిస్తాయో ప్రయోగశాలలో గుర్తించిన తొలితరం వారిలో ఆయన ఒకరు. ప్రోస్టాగ్లాండిన్ ఇ1 అనే సహజ పదార్థాన్ని 1986లో జపాను వైద్యులు రోగులపై ప్రయోగించి ఫలితాలు ప్రకటించారు. అల్‌ప్రోస్టడిల్ అనే పేరుతో అదే నేటికీ ప్రధానమైన సూదిమందు. వైద్యుడు నేర్పిన తరువాత సన్నని సూదితో రోగి స్వయంగా వేసుకోవచ్చు. మధుమేహంతో నాడులు దెబ్బతిన్నవారిలో సైతం ఇది తరచుగా పనిచేస్తుంది. స్తంభన నాలుగు గంటలు దాటి నిలిచిపోతే మాత్రం అది అత్యవసర స్థితి. ఆలస్యం చేస్తే కణజాలం శాశ్వతంగా చెడిపోతుంది.

శూన్యయంత్రం మందు లేని పద్ధతి. ప్లాస్టిక్ గొట్టంలోని గాలిని తోడివేసి రక్తాన్ని రప్పించి, మొదట్లో ఒక రబ్బరు వలయం తొడుగుతారు. వలయాన్ని అరగంటకు మించి ఉంచరాదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడిగి తీరాలి.

టెస్టోస్టిరాన్ నిజంగా తక్కువైనవారికే హార్మోను చికిత్స తగినది. సరిపడినంత ఉన్నవారికి అది మేలు చేయదు. సంతానం కోరేవారిలో అది వీర్యకణాల ఉత్పత్తిని అణచివేస్తుంది. అల్పతీవ్రత గల తరంగాలతో చేసే చికిత్సకు ఇటీవల ప్రచారం ఎక్కువ. దాని విలువపై నిపుణులలో ఏకాభిప్రాయం లేదు.

నాల్గవ మెట్టు: శస్త్రచికిత్స

అన్ని మార్గాలూ విఫలమైనపుడు అంగంలో కృత్రిమ సాధనాన్ని అమర్చవచ్చు. ద్రవంతో నింపి, ఖాళీ చేయదగిన సాధనాన్ని అమెరికాలోని హ్యూస్టన్‌కు చెందిన బ్రాంట్లీ స్కాట్ బృందం 1973లో ప్రవేశపెట్టింది. వృషణకోశంలో అమర్చిన చిన్న పంపును నొక్కితే ద్రవం కోశాలలోకి పోతుంది. బయటికి ఏమీ కనిపించదు. అయితే లోపలి సహజ కణజాలం తొలగిపోతుంది గనుక దీని నుండి వెనుకకు మరలే దారి లేదు. సూక్ష్మజీవులు సోకే ప్రమాదం, యంత్రం చెడిపోయే అవకాశం కొద్దిగా ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ కూర్చొని నిపుణునితో మాట్లాడి నిర్ణయించుకోవలసిన చికిత్స ఇది.

మానసిక కారణాలు గలవారికి సలహా చికిత్స ప్రధానమైనది. అందులోను భార్య పాల్గొంటే ఫలితం మెరుగు. భర్త దూరంగా మసలుతుంటే తనపై ఇష్టం తగ్గిందని భార్య అనుకోవడం, ఆమె కినుక చూసి అతడు మరింత ముడుచుకుపోవడం అనేక ఇళ్ళలో జరుగుతున్నదే. వ్యాధి ఫలానాదని ఇద్దరికీ తెలిసిననాడు సగం బరువు దిగుతుంది.

మూలికల పేరిట మోసం

ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో వాజీకరణం ఒకటి. ఆ శాస్త్రం రోగి బలం, జీర్ణశక్తి, వయసు చూసి ఔషధం నిర్ణయించమంటుంది. ఎవరికైనా ఒకే గొట్టం, అరగంటలో ఫలితం అని ఏ శాస్త్రమూ చెప్పదు. ‘మూలిక’ మింగిన అరగంటకో, గంటకో గట్టి ఫలితం కనిపించిందంటే అందులో సిల్డెనాఫిల్ గాని, దాని రూపు మార్చిన సోదర రసాయనం గాని కలిపి ఉన్నారని అనుమానించవలసినదే. సింగపూరు ఆరోగ్య శాస్త్రాల ప్రాధికార సంస్థ ఇటువంటి కల్తీలను పలుమార్లు పట్టుకొని ప్రజలను హెచ్చరించింది. చెట్టుమందే కదా అని నైట్రేట్ వాడే గుండెరోగి దానిని మింగితే, తెలియకుండానే నిషిద్ధమైన జోడీని కడుపులో కలుపుకున్నట్లవుతుంది.

2008 నాటి గ్లైబెన్‌క్లమైడ్ అంత తీవ్రంగా పనిచేయడానికి కారణం కూడా తెలుసుకోదగినది. అది క్లోమగ్రంథిని ప్రేరేపించి, రక్తంలో చక్కెర ఎంత ఉన్నదీ చూడకుండా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మెదడు తన శక్తికి ముఖ్యంగా గ్లూకోజుపైనే ఆధారపడినది. చక్కెర 3.9 మిల్లీమోల్, అనగా భారతదేశపు లెక్కలో 70 మిల్లీగ్రాములు, కంటె తగ్గితే చెమట, వణుకు, ఆకలి, గుండెదడ మొదలవుతాయి. ఇంకా తగ్గితే తికమక మాటలు, మూర్ఛ, స్పృహ కోల్పోవడం సంభవిస్తాయి. సెలైనుతో గ్లూకోజు ఎక్కించగానే రోగి లేచి కూర్చోవచ్చు. కాని మందు ఒంట్లో ఉన్నంతసేపు చక్కెర మళ్ళీ మళ్ళీ పడిపోతుంది. కనుక తేరుకున్నాడని ఇంటికి తీసుకుపోరాదు. స్పృహ ఉన్నవానికి తీపి పానీయం ఇచ్చి ఆసుపత్రికి తరలించాలి. స్పృహ లేనివాని నోట ఏమీ పోయరాదు. సింగపూరులో అత్యవసర వాహనానికి 995 అంకెకు ఫోను చేయాలి. మింగిన మందు పెట్టె ఉంటే దానిని కూడా వైద్యునికి చూపాలి. ఆ చిన్న పెట్టె ప్రాణం నిలుపవచ్చు.

స్తంభన లోపం పాపఫలం కాదు, పౌరుష లోపం కాదు. రక్తపోటు వలె, మధుమేహం వలె అది శరీరానికి వచ్చే వ్యాధి. చాలామందిలో ఆ రెండింటి తోబుట్టువు. జీవన నియమం మొదలు శస్త్రచికిత్స వరకు మెట్టు మెట్టుగా దానికి వైద్యం ఉన్నది. ఆ మెట్లలో మొదటిది వైద్యుని గది తలుపు తట్టడం. తండ్రి, అన్న, స్నేహితుడు ఎవరైనా సరే, ఈ మాట ఎత్తినపుడు నవ్వకుండా విని, వైద్యుని వద్దకు తోడు వెళ్ళగలిగినవాడు అతనికి చేసే మేలు చిన్నది కాదు.